దవడ కీలు నొప్పి, స్లీప్ ఆప్నియా: డెంటల్ చికిత్స ఏ వరుసలో చేయించుకోవాలి?

"పొద్దున లేవగానే దవడ పట్టేసి ఉంటోంది, నైట్ గార్డ్ చేయించుకోమంటారా?" "గురకకు డెంటిస్టులు ఇచ్చే మౌత్ పీస్ పనిచేస్తుందా?" "నాకు రెండూ ఉన్నాయి, ముందు దేనికి చూపించుకోవాలి?" ఈ మూడు ప్రశ్నల్లో ఒక్కటైనా ఎదురుకాని వారం ఉండదు నాకు. అందుకే మూడింటికీ ఒకేచోట జవాబు రాస్తున్నాను.

అసలు ప్రశ్న మూడోదే. దవడ నొప్పి వేరు, గురక వేరు అనుకుని చాలామంది ఒకదానికి ఒక డాక్టర్‌ దగ్గరికి, రెండోదానికి ఇంకో డాక్టర్‌ దగ్గరికి వెళ్తారు. కానీ రెండింటికీ డెంటిస్టులుగా మేం నోట్లో పెట్టేది పరికరమే: దవడ నొప్పికి పళ్లను కప్పే నైట్ గార్డ్, గురకకు దవడను ముందుకు పట్టి ఉంచే మౌత్ పీస్. ఆ రెండు పరికరాల బరువూ పడేది అదే కింది దవడ మీద. వరుస తప్పితే ఒకదానికి చేసిన వైద్యం రెండోదాన్ని ముదరబెట్టొచ్చు.

ముందు రెండు మాటలు తెలుసుకుని మొదలుపెడదాం. చెవికి సరిగ్గా ముందు వేలు ఆనించి నోరు తెరిచి మూయండి, వేలి కింద కదిలేదే దవడ కీలు. అందులో రెండు ఎముకల మధ్య మెత్తని డిస్క్ ఉంటుంది. ఈ కీలులోగానీ, దాన్ని నడిపే కండరాల్లోగానీ వచ్చే బాధలన్నిటినీ కలిపి టీఎండీ అంటారు. స్లీప్ ఆప్నియా అంటే నిద్రలో గొంతు కండరాలు సడలి, నాలుక వెనక్కి జారి, గాలి వెళ్లే దారి మాటిమాటికీ మూసుకుపోవడం. మూసుకున్న ప్రతిసారీ ఊపిరి 10 సెకన్లు, అంతకన్నా ఎక్కువసేపు ఆగుతుంది. మనిషికి తెలియకుండానే మెదడు ఉలిక్కిపడి లేపుతుంది.

1. వీటిలో ఏదైనా ఉంటే డెంటిస్టు దగ్గరికి కాదు, ముందు ఆస్పత్రికి

దవడ నొప్పులన్నీ కీలు నుంచే రావు. కింద ఉన్నవాటిలో ఒక్కటి కనిపించినా మిగతా వ్యాసం పక్కన పెట్టండి.

- దవడ నొప్పితోపాటు ఛాతీలో బరువు, చెమటలు, ఆయాసం, చేయి లాగడం. గుండెపోటు నొప్పి దవడకు పాకుతుంది. క్షణం ఆలస్యం చేయకూడదు.
- 50 ఏళ్లు దాటినవారిలో నమిలేటప్పుడు దవడ నొప్పి పుట్టి, ఆపగానే తగ్గడం. దానికి తోడు కణత దగ్గర కొత్తగా తలనొప్పి, తల దువ్వుకుంటే నొప్పి, చూపు మసకబారడం. ఇది రక్తనాళాల వాపు కావచ్చు. వైద్యం ఆలస్యమైతే చూపు పోయే ప్రమాదం ఉంది. అదే రోజు డాక్టర్‌ను కలవాలి.
- జ్వరం, దవడ లేదా మెడ వాపు, మింగడం కష్టమవడం.
- ముఖంలో ఒకవైపు తిమ్మిరి, మెడలో గడ్డ, వారవారానికీ నోరు తెరుచుకోవడం తగ్గిపోతూ ఉండటం.
- ఆవలించాక నోరు తెరుచుకునే ఉండిపోయి మూతపడకపోవడం. కీలు జారింది. ఇంట్లో ఎవరూ బలవంతంగా నొక్కకూడదు.
- డ్రైవింగ్‌లో కునుకు పట్టడం. పరీక్ష, వైద్యం పూర్తయ్యేదాకా బండి నడపడం ఆపేయండి. ఈ ఒక్క విషయంలో నేను ఎవరితోనూ రాజీపడను.

2. అపాయింట్‌మెంట్‌కు ముందు రెండు వారాలు నోట్స్ రాయండి

డాక్టర్‌ గదిలో కూర్చున్నాక "ఎప్పటినుంచి? ఎప్పుడు ఎక్కువ?" అని అడిగితే చాలామందికి గుర్తురాదు. రెండు వారాల నోట్స్ చేతిలో ఉంటే సగం పని అయినట్టే.

రోజూ పొద్దున, రాత్రి ఒక్కో నిమిషం చాలు. రాయాల్సినవి:

- నొప్పి ఎంత? 0 నుంచి 10 లోపు ఒక అంకె. లేవగానే ఎక్కువా, సాయంత్రానికి ఎక్కువా?
- ఎక్కడ? చెవి ముందా, బుగ్గలోనా, కణతలోనా, మెడలోనా? ఒక వేలితో చూపించగలరా, అరచేతితో చూపించాల్సి వస్తోందా?
- కీలులో టక్ మని శబ్దమా, ఇసుక నలిగినట్టు గరగరా?
- పగలు పళ్లు బిగబట్టి ఉంటున్నారా? ఏ పని చేసేటప్పుడు?
- రాత్రి ఎన్నిసార్లు మెలకువ వచ్చింది, ఎన్నిసార్లు మూత్రానికి లేచారు? లేవగానే తలనొప్పి, నోరు ఎండిపోవడం ఉన్నాయా?

పొద్దున నొప్పి ఎక్కువగా ఉంటే రాత్రి పళ్లు కొరుకుతున్నారేమో చూడాలి. సాయంత్రానికి పెరుగుతుంటే పగటి అలవాట్ల మీద అనుమానం పెట్టుకోవాలి.

*నోరు ఎంత తెరుచుకుంటోందో కొలవండి.* అద్దం ముందు నిలబడి, నొప్పి లేనంతవరకు నోరు తెరిచి, పై ముందుపళ్ల అంచు నుంచి కింది ముందుపళ్ల అంచు దాకా స్కేలుతో కొలవాలి. పెద్దవాళ్లలో సాధారణంగా 40 నుంచి 50 మిల్లీమీటర్లు వస్తుంది. 35 కన్నా తక్కువుంటే కీలు గానీ కండరాలు గానీ అడ్డుపడుతున్నట్టు. స్కేలు లేకపోతే మీ చేతి మూడు వేళ్లు నిలువుగా పడుతున్నాయో లేదో చూడండి. తెరిచేటప్పుడు గడ్డం నిటారుగా దిగుతోందా, ఒక పక్కకి వంగుతోందా అన్నదీ రాసుకోండి.

*నిద్ర సంగతి పక్కవాళ్లను అడగండి.* మీ గురక మీకు వినపడదు. పక్కన పడుకునేవాళ్లను మూడే ప్రశ్నలు అడగండి: గురక తలుపు వేసినా వినిపిస్తోందా? మధ్యలో ఊపిరి ఆగి, తర్వాత ఉలిక్కిపడి లేస్తున్నట్టు ఉంటోందా? పళ్లు కొరికిన శబ్దం వస్తోందా? ఒంటరిగా ఉంటే ఫోన్‌లో రాత్రి రికార్డింగ్ పెట్టండి. అది రోగనిర్ధారణ కాదు గానీ డాక్టర్‌కు వినిపించడానికి పనికొస్తుంది.

*స్టాప్-బ్యాంగ్ లెక్క వేయండి.* ఆప్నియా ముప్పు ఎంతో అంచనా వేసే ఎనిమిది ప్రశ్నలు, ప్రతి 'అవును'కు ఒక మార్కు:

- గట్టిగా గురక పెడతారా?
- పగలు అలసట, నిద్రమత్తు ఉంటుందా?
- ఊపిరి ఆగడం ఎవరైనా చూశారా?
- బీపీ ఉందా, లేదా బీపీ మందు వాడుతున్నారా?
- బీఎంఐ (ఎత్తును బట్టి బరువును చూపే అంకె) 35 దాటిందా?
- వయసు 50 దాటిందా?
- మెడ చుట్టుకొలత 40 సెంటీమీటర్లు దాటిందా?
- మగవారా?

3 లేదా అంతకన్నా ఎక్కువ వస్తే నిద్ర పరీక్ష గురించి డాక్టర్‌తో మాట్లాడాలి. 5 లేదా అంతకన్నా ఎక్కువ వస్తే ఆప్నియా ఉండే అవకాశం బాగా ఎక్కువ. అయితే ఈ లెక్క ఆడవాళ్లను కొంచెం తక్కువ చేసి చూపిస్తుందని నాకనిపిస్తుంది. వాళ్లలో గట్టి గురక లేకుండా నిద్ర పట్టకపోవడం, తీరని అలసట, పొద్దున తలనొప్పి మాత్రమే ఉండొచ్చు. నెలసరి ఆగిపోయాక ముప్పు పెరుగుతుంది కూడా. సన్నగా ఉన్నవాళ్లకు రాదనుకోవడమూ పొరపాటే. చిన్న దవడ, వెనక్కి ఉన్న గడ్డం ఉంటే సన్నటివాళ్లకూ వస్తుంది.

3. నోట్లో ఏదైనా పెట్టించుకునే ముందు నిద్ర పరీక్ష

ఇది అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు. ఎక్కువమంది దాటేసేది కూడా ఇదే.

ప్రాక్టీసు మొదలుపెట్టిన కొత్తలో పళ్లు అరిగిపోయాయని ఒకాయన వచ్చారు. గురక సంగతి అడగకుండానే పైపళ్లకు నైట్ గార్డ్ చేసి ఇచ్చాను. కొన్ని నెలలకు ఆయన భార్య కలిసి, పగలు కూర్చున్నచోటే నిద్రపోతున్నారని చెప్పింది. స్లీప్ టెస్ట్ చేయిస్తే ఆప్నియా తీవ్రంగా ఉందని తేలింది. అది నైట్ గార్డ్ వల్లే పెరిగిందో, ముందునుంచే అలా ఉందో చెప్పలేను. ముందు కొలిచి ఉంటే ఆ సందేహమే ఉండేది కాదు. ఆ రోజు నుంచి గురక గురించి అడగకుండా ఎవరి పళ్ల అచ్చూ తీయలేదు.

మామూలు నైట్ గార్డ్ పళ్ల మధ్య ఎత్తు పెంచుతుంది గానీ దవడను ముందుకు తీసుకురాదు. ఆప్నియా ఉన్న కొందరిలో దీనివల్ల ఊపిరి ఆగడం ఎక్కువవుతుందని పరిశోధనల్లో కనిపించింది. అందరికీ అలా జరగదు. కానీ ఎవరికి జరుగుతుందో నోరు చూసి చెప్పలేం.

నిద్ర పరీక్షలు రెండు రకాలు. స్లీప్ ల్యాబ్‌లో ఒక రాత్రి పడుకోబెట్టి మెదడు, గుండె, ఊపిరి, కాళ్ల కదలిక అన్నీ కొలిచేది ఒకటి. చిన్న యంత్రం కట్టుకుని ఇంట్లోనే పడుకునేది రెండోది. అనుమానం బలంగా ఉండి వేరే పెద్ద జబ్బులు లేనివాళ్లకు ఇంటి పరీక్ష చాలు. ఒక సంగతి మాత్రం గుర్తుంచుకోండి: ఇంటి పరీక్షలో 'ఏమీ లేదు' అని వచ్చినా లక్షణాలు గట్టిగా ఉంటే ల్యాబ్ పరీక్ష అడగాలి. ఇంటి యంత్రం చాలావరకు మీరు నిజంగా నిద్రపోయిన సమయాన్ని కాక, రికార్డు చేసిన సమయాన్నంతా లెక్కలోకి తీసుకుంటుంది కాబట్టి అంకె తక్కువ చూపించొచ్చు.

రిపోర్టులో మీరు చూడాల్సిన అంకె ఏహెచ్ఐ, అంటే గంటకు సగటున ఎన్నిసార్లు ఊపిరి ఆగింది లేదా బాగా తగ్గింది అన్నది. పెద్దవాళ్లకు:

- 5 లోపు: మామూలే
- 5 నుంచి 15 లోపు: స్వల్పం
- 15 నుంచి 30 లోపు: మధ్యస్థం
- 30, ఆపైన: తీవ్రం

ఆప్నియా ఉందని తేల్చాల్సింది స్లీప్ డాక్టర్, డెంటిస్టు కాదు. పరీక్ష లేకుండా, డాక్టర్‌ చీటీ లేకుండా "గురకకు మౌత్ పీస్ చేసిస్తాను" అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. గురక తగ్గి ఊపిరి ఆగడం అలాగే కొనసాగితే, ఇంట్లో అందరికీ బాగైపోయిందన్న భ్రమ మిగులుతుంది.

4. డెంటిస్టు దగ్గర మొదటి విజిట్

తీసుకెళ్లాల్సినవి:

- రెండు వారాల నోట్స్, స్టాప్-బ్యాంగ్ మార్కులు, నిద్ర పరీక్ష రిపోర్టు ఉంటే అది
- వాడుతున్న మందులన్నిటి జాబితా. నిద్రమాత్రలు, టెన్షన్ తగ్గే మాత్రలు తప్పకుండా చెప్పాలి
- పాత నైట్ గార్డ్, పాత ఎక్స్‌రేలు

మంచి పరీక్షలో డెంటిస్టు నోరు తెరిచే కొలత తీసుకుంటారు, దవడను పక్కలకీ ముందుకీ కదిలించమంటారు, బుగ్గ, కణత కండరాలను వేలితో నొక్కి చూస్తారు, కీలు శబ్దం వింటారు. పళ్ల అరుగుదల, చిగుళ్లు, నాలుక సైజు, గొంతు వెడల్పు కూడా చూస్తారు. వీటిలో ఏదీ చేయకుండా నేరుగా పళ్ల అచ్చు తీయబోతే ఆపి అడగండి.

స్కానింగ్ అందరికీ అక్కర్లేదు. ఓపీజీ ఎక్స్‌రేలో పళ్లు, దవడ ఎముక మొత్తం కనిపిస్తాయి. కీలు ఎముక అరిగిందేమో చూడాలంటే సీబీసీటీ అనే 3డీ స్కాన్. డిస్క్ ఎక్కడుందో చూడాలంటే ఎంఆర్ఐ. నొప్పి లేని శబ్దానికి ఎంఆర్ఐ తీయించాల్సిన పనిలేదు. ఆ మాటకొస్తే నొప్పీ పట్టేయడమూ లేని టక్ టక్ శబ్దానికి వైద్యమే అక్కర్లేదు.

5. దవడకు మొదటి ఆరు వారాలు: ఇంటి వైద్యం

చాలా దవడ నొప్పులు కండరాల నొప్పులే. కాలు బెణికితే ఏం చేస్తామో దవడకూ అదే: విశ్రాంతి, వెచ్చదనం, మెల్లమెల్లగా కదలిక. ఇది చిన్న వైద్యంలా కనిపిస్తుంది కాబట్టి జనం లెక్కచేయరు. నా లెక్కలో ఇదే మూలవైద్యం, పరికరం దానికి తోడు మాత్రమే.

*దవడకు విశ్రాంతి భంగిమ నేర్పండి.* పెదవులు కలిసి ఉండాలి, పళ్లు విడిగా ఉండాలి, నాలుక కొన పై ముందుపళ్ల వెనక అంగిట్లో మెత్తగా ఆని ఉండాలి. 'న' అని పలికేటప్పుడు నాలుక ఎక్కడికి వెళ్తుందో అక్కడ. పళ్లు కలవాల్సింది నమిలేటప్పుడు, మింగేటప్పుడే. మిగతా రోజంతా వాటి మధ్య సందు ఉండాలి. కంప్యూటర్ అంచున, ఫోన్ వెనక, స్టీరింగ్ దగ్గర ఒక్కో రంగు చుక్క అతికించుకోండి. చుక్క కనపడినప్పుడల్లా పళ్లు ఆనుతున్నాయేమో చూసుకుని వదులు చేయండి. మొదటి రెండు రోజుల్లోనే ఎన్నిసార్లు బిగబడుతున్నారో తెలిసి ఆశ్చర్యపోతారు.

*తిండి.* రెండు వారాలపాటు మెత్తటివి, చిన్న ముక్కలు, రెండువైపులా నమలడం. గట్టిగా కొరకాల్సినవి, సాగేవి, చూయింగ్ గమ్ మానేయాలి. రెండు వారాలు దాటాక మెల్లగా మామూలు తిండికి రావాలి. నెలల తరబడి ద్రవాల మీదే ఉంటే కండరాలు బలహీనపడతాయి.

*కాపడం.* కండరాల నొప్పికి గోరువెచ్చని తడిబట్టతో 15-20 నిమిషాలు, రోజుకు రెండు మూడుసార్లు. దెబ్బ తగిలినా, కొత్తగా పదునైన నొప్పి వచ్చినా మొదటి రెండు రోజులు బట్టలో చుట్టిన ఐస్, ఒక్కోసారి 10 నిమిషాలు.

*ఆవలింత.* రాబోతోందని తెలియగానే నాలుకను అంగిటికి ఆనించి, పిడికిలి గడ్డం కింద పెట్టండి. నోరు హద్దు దాటి తెరుచుకోదు.

*వ్యాయామం.* నాలుక కొనను అంగిట్లోనే ఉంచి, అది జారనంతవరకే నోరు మెల్లగా తెరిచి మూయాలి. ఒక్కో విడతకు ఆరుసార్లు, రోజుకు ఆరు విడతలు. అద్దంలో చూసుకుంటూ గడ్డం నిటారుగా దిగేలా చేయండి. వారం తర్వాత నొప్పి తగ్గితే దవడను కుడికీ ఎడమకీ మెల్లగా జరపడం కలపొచ్చు. నొప్పిని ఓర్చుకుంటూ చేసే వ్యాయామం కండరాన్ని ఇంకా బిగిస్తుంది. లాగినట్టుంటే పర్వాలేదు, పొడిచినట్టుంటే ఆపేయాలి.

*మందులు.* ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు కొద్దిరోజులు పనిచేస్తాయి. కిడ్నీ జబ్బు, కడుపులో పుండు, గుండె జబ్బు ఉన్నవాళ్లు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు డాక్టర్‌ను అడగకుండా వేసుకోవద్దు. ఇక్కడ ఇంకో ప్రమాదం ఉంది. దవడ వదులవడానికి రాత్రిపూట ఇచ్చే మత్తు మాత్రలు, కండరాలు సడలించే మాత్రలు గొంతు కండరాలనూ సడలిస్తాయి. ఆప్నియా ఉన్నా, అనుమానం ఉన్నా ఆ మాట ముందే డాక్టర్‌కు చెప్పాలి. మద్యం చేసేదీ అదే పని.

ఆరు వారాల్లో నొప్పి సగమైనా తగ్గకపోతే తర్వాతి మెట్టుకు వెళ్లాలి. ఒక్క మినహాయింపు: ఎన్నాళ్లుగానో వస్తున్న టక్ శబ్దం ఉన్నట్టుండి ఆగిపోయి, అదే సమయంలో నోరు 25-30 మిల్లీమీటర్లకు మించి తెరుచుకోకపోతే డిస్క్ ముందుకు జారి ఇరుక్కుందన్నమాట. ఆరు వారాలు ఆగకండి, ఆ వారంలోనే చూపించుకోండి.

6. దవడకు స్ప్లింట్: ఏది ఒప్పుకోవాలి, ఏది వద్దనాలి

స్ప్లింట్ అంటే నైట్ గార్డ్ లాంటి తొడుగే. అది కీలును 'సరిచేయదు'. పళ్లను అరుగుదల నుంచి కాపాడుతుంది, కండరాల మీద, కీలు మీద పడే ఒత్తిడిని పంచుతుంది. పళ్లు కొరకడాన్ని పూర్తిగా ఆపుతుందని ఎవరైనా చెబితే నమ్మొద్దు.

ఒప్పుకోదగ్గది: గట్టి అక్రిలిక్‌తో చేసి, ఒక దవడలోని పళ్లన్నిటినీ కప్పే స్ప్లింట్. పెట్టుకున్నాక నోరు మూస్తే ఎదుటి పళ్లు రెండువైపులా ఒకేసారి సమంగా ఆనాలి. డెంటిస్టు రంగు కాగితం పెట్టి కొరికించి, గుర్తులు చూసి, అరగదీసి సరిచేయాలి. ఈ పని మొదటిరోజే ముగియదు. ఒకటి రెండు వారాలకు మళ్లీ చూపించాలి, ఎందుకంటే కండరాలు వదులైతే దవడ కూర్చునే తీరు కొద్దిగా మారుతుంది.

జాగ్రత్తపడాల్సినవి:

- ముందుపళ్లను మాత్రమే కప్పే చిన్న పరికరాన్ని నెలల తరబడి వాడటం. ఆనని పళ్లు పైకి లేచి కాటు (పై పళ్లు, కింది పళ్లు కలిసే తీరు) మారిపోవచ్చు.
- రోజుకు 24 గంటలూ పెట్టుకోమనడం. మామూలుగా రాత్రి చాలు.
- నొప్పి తగ్గాలని పళ్లు అరగదీయడం, అన్నిటికీ క్యాప్‌లు వేయడం, కాటు మార్చడానికి క్లిప్పులు పెట్టడం. వెనక్కి తీసుకోలేని పనులు ఇవి. టీఎండీ నొప్పికి వీటితో మొదలుపెట్టకూడదు. రెండో డాక్టర్‌ అభిప్రాయం తీసుకోండి.

స్ప్లింట్, వ్యాయామం, ఫిజియోథెరపీ కలిపి మూడు నెలలు సరిగ్గా చేసినా కీలు పట్టేసే ఉంటే, అప్పుడు కీలును సూదులతో కడిగే ఆర్థ్రోసెంటెసిస్ గురించి ఓరల్ సర్జన్‌తో మాట్లాడొచ్చు. కీలు తెరిచి చేసే ఆపరేషన్ అవసరమయ్యేది చాలా కొద్దిమందికే.

7. ఆప్నియాకు నోటి పరికరం

ఇది నైట్ గార్డ్ కాదు. పై పళ్లకు ఒక తొడుగు, కింది పళ్లకు ఒక తొడుగు, రెండింటినీ కలిపే మర. అది కింది దవడను కొన్ని మిల్లీమీటర్లు ముందుకు జరిపి పట్టుకుంటుంది. దవడతోపాటు నాలుక ముందుకొస్తుంది, గొంతు వెనక దారి తెరుచుకుంటుంది.

*ఎవరికి?* స్వల్ప, మధ్యస్థ ఆప్నియాకు ఇది మంచి దారి. తీవ్రమైన ఆప్నియాకు ముందు సీపాప్ యంత్రమే, అంటే మాస్క్ ద్వారా ఒత్తిడితో గాలి పంపి గొంతు దారి మూసుకుపోకుండా చూసేది. సీపాప్ ప్రయత్నించి తట్టుకోలేనివాళ్లకు పరికరం ఇవ్వొచ్చు. ఏహెచ్ఐని తగ్గించడంలో సీపాప్‌దే పైచేయి. కానీ పరికరాన్ని జనం ఎక్కువ గంటలు పెట్టుకుంటారు. అల్మారాలో ఉన్న సీపాప్ కన్నా నోట్లో ఉన్న పరికరం మేలు.

ముందుగా సరిచూసుకోవాల్సినవి:

- ఒక్కో దవడలో 8 నుంచి 10 గట్టి పళ్లు ఉన్నాయా? పళ్లు లేనివాళ్లకు నాలుకను ముందుకు పట్టి ఉంచే వేరే పరికరం ఉంది.
- కింది దవడను కనీసం 5 మిల్లీమీటర్లు ముందుకు జరపగలరా?
- పుచ్చుపళ్లు, చిగుళ్ల జబ్బు ఉంటే ముందు వాటికి వైద్యం అయిందా? అచ్చు తీశాక ఫిల్లింగ్, క్యాప్ చేయిస్తే పరికరం సరిపోదు.
- రిపోర్టులో ఉన్నది గొంతు మూసుకుపోయే ఆప్నియాయేనా? మెదడు నుంచి ఊపిరి ఆదేశం ఆగే సెంట్రల్ ఆప్నియాకు ఇది పనిచేయదు.
- పిల్లలకా? అయితే ఇది కాదు. వాళ్లకు ముందు టాన్సిల్స్, అడినాయిడ్స్ చూడాలి.

*వరుస.* మొదట పళ్ల అచ్చు లేదా స్కాన్. పరికరం పెట్టకముందు మీ కాటును ఫొటోలు తీసి, కొలిచి రికార్డు చేయమనండి. ఏళ్ల తర్వాత మార్పు వచ్చిందో లేదో తేల్చేది ఆ రికార్డే. మీరు దవడను ఎంత ముందుకు జరపగలరో కొలిచి, అందులో సుమారు సగం దగ్గర మొదలుపెడతారు. 10 మిల్లీమీటర్లు జరపగలిగితే 5 దగ్గర.

మొదటి వారం నొప్పి లేకుండా రాత్రంతా పెట్టుకోవడమే లక్ష్యం. పడుకోవడానికి గంట ముందు పెట్టుకుని అలవాటు చేసుకోండి. తర్వాత డెంటిస్టు చెప్పిన లెక్క ప్రకారం కొన్ని రోజులకొకసారి పావు నుంచి అర మిల్లీమీటరు ముందుకు జరపాలి. పొద్దున నొప్పి గంట దాటి ఉంటే ఆ వారం జరపకూడదు. తొందరపడి రెండు మూడు తిప్పులు ఒకేసారి తిప్పడం నేను చూసే అతి సాధారణమైన తప్పు. దవడ కీలు నొప్పి చాలావరకు అక్కడే మొదలవుతుంది.

గురక తగ్గి, పగలు చురుకుగా ఉండే చోట ఆగాలి. ఆ తర్వాత *పరికరం పెట్టుకునే మళ్లీ నిద్ర పరీక్ష*. "నాకు బాగానే ఉంది కదా, ఇంకెందుకు?" అంటారు. బాగుండటం వేరు, ఏహెచ్ఐ తగ్గడం వేరు. రెండో పరీక్ష లేకపోతే పని సగంలో వదిలేసినట్టే.

మార్కెట్లో దొరికే, వేడినీళ్లలో ముంచి కొరికే పరికరాలు పళ్ల అచ్చుతో చేసినవాటికి సాటిరావు. వదులై ఊడిపోతాయి, జరుపుదలను సన్నగా మార్చుకునే వీలు చాలావాటిలో ఉండదు.

*ప్రతి పొద్దున తప్పనిసరి.* పరికరం తీశాక పళ్లు సరిగా కలవనట్టు అనిపిస్తుంది. వేడినీటి స్నానం తర్వాత వెనకపళ్లు కలిసేదాకా మెల్లగా నమిలినట్టు చేయండి. డెంటిస్టు పళ్లను పాతచోట కూర్చోబెట్టే చిన్న తొడుగు ఇస్తే కొన్ని నిమిషాలు కొరికిపట్టండి. గంటలోపు కాటు మామూలుకు రావాలి.

8. రెండూ ఉన్నవాళ్లకు

- దవడ ఇప్పుడే తీవ్రంగా నొప్పిగా ఉందా, పట్టేసిందా? ముందు దవడను చల్లార్చండి. ఈలోగా ఆప్నియాకు సీపాప్. అది కుదరకపోతే కనీసం పక్కకు తిరిగి పడుకోవడం, మద్యం మానడం. ఆప్నియాను మాత్రం వైద్యం లేకుండా నెలలు వదలకూడదు.
- సీపాప్‌తో వాడే గడ్డం పట్టీ దవడను వెనక్కి లాగి నొప్పి పెడుతుంటే మాస్క్ రకం మార్చమని అడగండి.
- నొప్పి లేని టక్ శబ్దం ఉన్నంతమాత్రాన ఆప్నియా పరికరం వద్దనక్కర్లేదు. సగం కన్నా తక్కువ జరుపుదలతో మొదలుపెట్టి, నెమ్మదిగా వెళ్తూ, 5వ మెట్టులోని వ్యాయామం కొనసాగించాలి.
- ఆప్నియా పరికరం వాడుతున్నవాళ్లకు విడిగా నైట్ గార్డ్ అక్కర్లేదు. రెండు వరుసల పళ్లనూ అదే కప్పుతుంది.
- ఇద్దరు డాక్టర్లకూ ఒకరి రిపోర్టు ఒకరికి అందేలా మీరే చూసుకోండి. ఆ బాధ్యత ఎవరో తీసుకుంటారని ఎదురుచూడొద్దు.

9. ఇబ్బందులు, సర్దుబాట్లు

- *నోట్లో నీళ్లూరడం:* మొదటి వారాల్లో మామూలే, తగ్గుతుంది.
- *నోరు ఎండిపోవడం:* ముక్కు మూసుకుపోయి నోటితో పీలుస్తున్నారేమో చూడాలి. ఈఎన్‌టీ డాక్టర్‌ను కలవండి.
- *ఒక్క పన్ను మాత్రమే నొప్పి:* పరికరం అక్కడ నొక్కుతోంది. డెంటిస్టు లోపలివైపు కొద్దిగా అరగదీస్తే పోతుంది. మీరు ఇంట్లో ఆకురాయి పెట్టకండి.
- *కీలు నొప్పి మూడు రోజులు దాటితే:* జరుపుదలను చివరి రెండు తిప్పులు వెనక్కి తీయండి, డెంటిస్టుకు ఫోన్ చేయండి.
- *రాత్రి తెలియకుండా తీసేయడం:* జరుపుదల ఎక్కువైంది లేదా పరికరం బిగుతుగా ఉంది. సర్దించుకోండి.
- *వెనకపళ్లు మధ్యాహ్నానికి కూడా కలవకపోవడం:* కాటు మారడం మొదలైంది. ఆలస్యం చేయొద్దు. ఏళ్ల వాడకంతో చాలామందిలో పై, కింది ముందుపళ్ల మధ్య ఎడం కొద్దిగా తగ్గుతుంది. ఆప్నియా ముప్పుతో పోల్చి చూసుకుని కొనసాగించాలా వద్దా అన్నది డాక్టర్లతో కలిసి తేల్చుకోవాలి.
- *బాగా పనిచేసిన పరికరంతో మళ్లీ గురక:* బరువు పెరిగారా, మర వదులైందా, కొత్త నిద్రమాత్ర మొదలైందా? ఈ మూడూ చూడండి.

10. శుభ్రం, ఆ తర్వాతి విజిట్‌లు

తీయగానే చల్లటి నీళ్లు, మెత్తటి బ్రష్, కొంచెం సబ్బు. టూత్‌పేస్టు గీతలు పెడుతుంది, వేడినీళ్లు ఆకారాన్ని వంచేస్తాయి. ఆరాక గాలి ఆడే డబ్బాలో పెట్టండి. ఇంట్లో కుక్క ఉంటే డబ్బాను దానికి అందని ఎత్తులో ఉంచండి, పరికరాన్ని నమిలేస్తుంది.

స్ప్లింట్ అయినా ఆప్నియా పరికరం అయినా మొదటి మూడు నెలల్లో రెండు మూడుసార్లు, తర్వాత ఆరు నెలలకోసారి, ఏడాది దాటాక కనీసం ఏడాదికోసారి చూపించాలి. ప్రతిసారీ తీసుకెళ్లాల్సినవి: పరికరం, దాని మర ఇప్పుడు ఎన్నో తిప్పు మీద ఉందో రాసిన చీటీ, చివరి నిద్ర పరీక్ష రిపోర్టు, నోరు తెరుచుకునే తాజా కొలత. బరువు బాగా మారినా, గురక తిరిగొచ్చినా, గుండె జబ్బు కొత్తగా బయటపడినా, తర్వాతి విజిట్ దాకా ఆగకుండా స్లీప్ డాక్టర్‌కు ఫోన్ చేసి మళ్లీ పరీక్ష ఎప్పుడో అడగండి.